త్రాసులో ఏమి వేయాలి?

1962వ సంవత్సరంలో అమెరికాలోని మినియాపొలిస్ నగరం నుంచి ఒక శుభవార్త వెలువడింది. కడుపులో పుండ్లతో ఏళ్ల తరబడి బాధపడుతున్నవారికి ఇక శస్త్రచికిత్స అవసరం లేదు. కత్తి పెట్టకుండా, రక్తపు చుక్క చిందకుండా, గంటసేపట్లో ఆ బాధ తీర్చవచ్చు. ఇదీ ఆ వార్త. చెప్పినవాడు అనామకుడు కాడు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్సా విభాగానికి అధిపతిగా ఉండి, ఒక తరం సర్జన్లను తీర్చిదిద్దిన డాక్టర్ ఓవెన్ వాంగెన్‌స్టీన్.

ఆయన పద్ధతి వినడానికి ఎంతో సహేతుకంగా ఉంటుంది. పుండుకు కారణం ఆమ్లం. ఆమ్లాన్ని ఊరించేది జీర్ణకోశపు గోడ. ఆ గోడను గడ్డకట్టేటంతగా చల్లబరిస్తే ఆమ్లం ఊరదు. రోగి ఒక గొట్టానికి అమర్చిన రబ్బరు బుడగను మింగుతాడు. సున్నా డిగ్రీలకు దిగువ దాకా చల్లార్చిన ఆల్కహాలు యంత్రంలోంచి ఆ బుడగలోకి ప్రవహించి, తిరిగి యంత్రంలోకి వస్తుంది. గంట గడిచాక బుడగను బయటికి తీస్తారు. రోగి లేచి ఇంటికి వెళ్తాడు. చాలామందికి నొప్పి తగ్గింది కూడా. యంత్రాలు విరివిగా అమ్ముడుపోయాయి. వేలాది రోగులు ఆ బుడగను మింగారు.

ఏడేళ్లు గడిచిన తరువాత, 1969లో, అసలు పరీక్ష ఫలితం వెలువడింది. అయిదు వైద్య సంస్థలు కలిసి 160 మంది రోగులను చీట్లు తీసినట్లుగా రెండు జట్లు చేశాయి. ఒక జట్టుకు నిజమైన చలి చికిత్స జరిగింది. రెండవ జట్టువారూ అదే బుడగను మింగారు, అదే యంత్రం చప్పుడు విన్నారు. కాని వారి కడుపులోకి వెళ్లిన ద్రవం శరీరపు వేడిమిలోనే ఉంది. ఎవరు ఏ జట్టో రోగులకు తెలియదు. చలి తగిలినవారిలో మొదట ఉపశమనం పొందినవారు నూటికి 34 మంది. ఉత్త బుడగ మింగినవారిలో నూటికి 38 మంది! యంత్రాలు ఆసుపత్రుల సామాన్ల గదులకు చేరాయి. తరువాతి కాలంలో, 1980 దశకంలో, ఆస్ట్రేలియాకు చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు ఈ పుండ్లలో అధిక భాగానికి మూలం ఒక సూక్ష్మజీవి అని నిరూపించారు. అందుకు 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. చలికీ ఆ సూక్ష్మజీవికీ సంబంధమే లేదు.

ఈ కథలో దుర్మార్గులు ఎవరూ లేరు. వాంగెన్‌స్టీన్ మోసగాడు కాడు. రోగులు మూఢులు కారు. లోపించినదల్లా ఒక్కటే: కొత్త సాధనం వాడుకలోకి రాకముందే, దాని మేలును, కీడును, ఖర్చును పక్షపాతం లేకుండా తూచి చెప్పే వ్యక్తులు. అటువంటి పని చేసే బృందాలు నేడు అనేక దేశాల విశ్వవిద్యాలయాలలో ఉన్నాయి. వారి శాస్త్రానికి ఆరోగ్య సాంకేతిక మూల్యాంకనం అని పేరు. ఇక్కడ సాంకేతికం అంటే యంత్రం మాత్రమే కాదు. మందు, సిరంజి, రోగ నిర్ధారణ పరీక్ష, శస్త్రచికిత్స, టీకా వేసే విధానం, అన్నీ ఆ మాటలో ఇమిడిపోతాయి. బృందంలో వైద్యులు ఉంటారు, గణాంక శాస్త్రజ్ఞులు ఉంటారు, ఆర్థిక శాస్త్రజ్ఞులు ఉంటారు, గ్రంథాలయ నిపుణులు కూడా ఉంటారు. లెక్క కట్టే విద్య వారికి బాగా తెలుసు. అయితే లెక్క కట్టడం కంటె కష్టమైన పని దానికి ముందే ఉన్నది. దేన్ని తూచాలి? ఎప్పుడు తూచాలి? దేనితో పోల్చి తూచాలి? ఎవరి ఖర్చు త్రాసులో పడాలి, ఎవరిది పడనక్కరలేదు? వారి పరిశోధనా వ్యూహం అంతా ఈ నాలుగు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఇవి కార్యాలయపు ప్రశ్నలుగా కనిపించినా, వీటి జవాబులలో మనుష్యుల ప్రాణాలు ఉన్నాయి.

ఈ సంగతి అందరికంటె ముందు అనుభవపూర్వకంగా తెలుసుకున్నవారిలో లండన్ పశ్చిమ శివారులోని బ్రూనెల్ విశ్వవిద్యాలయం ఆర్థిక శాస్త్రజ్ఞుడు మార్టిన్ బక్స్‌టన్ ఒకరు. ఆయన బృందానికి వచ్చిన సమస్య సామాన్యమైనది కాదు: గుండె మార్పిడి.

పాఠకులలో పెద్దవారికి ఆనాటి సంచలనం జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను మరొక మనిషికి అమర్చాడు. (ఈ బర్నార్డ్ పైన చెప్పిన వాంగెన్‌స్టీన్ విభాగంలోనే శిక్షణ పొందినవాడు కావడం ఒక విచిత్రం.) ఆ రోగి 18 రోజులు జీవించాడు. తరువాత దేశదేశాల సర్జన్లు పోటీపడ్డారు. 1968 ఫిబ్రవరిలోనే బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ ప్రఫుల్ల కుమార్ సేన్ ఆ సాహసానికి పూనుకున్నాడు. రోగి కొద్ది గంటలకు మించి బ్రతకలేదు. మే 3న లండన్‌లో డాక్టర్ డొనాల్డ్ రాస్ చేసిన మార్పిడి వల్ల రోగి 45 రోజులు జీవించాడు. ఆ ఒక్క సంవత్సరంలోనే ప్రపంచం మొత్తం మీద వందకు పైగా గుండెలు మారాయి. కొత్త గుండెను శరీరం పరాయిదిగా ఎంచి తిప్పికొట్టడం వల్ల ఎక్కువమంది కొద్ది నెలలలోనే మరణించారు. ఉత్సాహం చప్పున చల్లారింది. బ్రిటన్‌లో ఈ శస్త్రచికిత్స దాదాపు పదేళ్లు ఆగిపోయింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డాక్టర్ నార్మన్ షమ్‌వే వంటి కొద్దిమంది మాత్రమే పట్టుదలతో కొనసాగించారు.

1979 జనవరిలో కేంబ్రిడ్జి సమీపాన ఉన్న పాప్‌వర్త్ ఆసుపత్రిలో డాక్టర్ టెరెన్స్ ఇంగ్లిష్ మళ్లీ ప్రారంభించాడు. మొదటి రోగి దక్కలేదు. ఆగస్టులో చేసిన రెండవ రోగి అయిదేళ్లకు పైగా జీవించాడు. మరుసటి సంవత్సరం హేర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో ఈజిప్టు సంతతికి చెందిన డాక్టర్ మగ్దీ యాకూబ్ మొదలుపెట్టాడు. పత్రికలు కీర్తించాయి, ప్రజలు చందాలు ఇచ్చారు. ప్రభుత్వానికి మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఉచిత వైద్యం అందించే ప్రజా ఆరోగ్య వ్యవస్థకు ఉన్న నిధి ఒక్కటే. గుండె మార్పిడికి ఇచ్చిన ప్రతి పౌను ఎవరో ఒక వృద్ధురాలి తుంటి ఎముక ఆపరేషన్ నుంచి, ఎవరో ఒక బాలింత పడక నుంచి తీసుకున్నదే అవుతుంది. ఇది ఇచ్చి అది పుచ్చుకోవడం న్యాయమేనా? తేల్చి చెప్పవలసిందిగా బ్రూనెల్, కేంబ్రిడ్జి పరిశోధకుల బృందాన్ని ప్రభుత్వం కోరింది.

బక్స్‌టన్ బృందానికి ఎదురైన మొదటి చిక్కు కాలం. గుండె మార్పిడి ఇంకా చేతులు తిరగని విద్య; ఇప్పుడే తీర్పు చెప్పడం అన్యాయం అని సర్జన్లు అంటారు. వారి మాటలో నిజం లేకపోలేదు. అధ్యయనం జరుగుతున్న ఆ కొద్ది సంవత్సరాలలోనే సైక్లోస్పోరిన్ అనే కొత్త మందు వచ్చి, శరీరం కొత్త గుండెను తిప్పికొట్టడాన్ని బాగా అదుపు చేసింది. అంటే, కొలుస్తూ ఉండగానే కొలవవలసిన వస్తువు మారిపోయింది. పోనీ, విద్య స్థిరపడేదాకా ఆగుదామా అంటే, అప్పటికి పది ఆసుపత్రులలో విభాగాలు వెలుస్తాయి, నర్సులకు శిక్షణ పూర్తవుతుంది, రోగులలో ఆశ నాటుకుంటుంది. ఆ తరువాత దీనివల్ల మేలు లేదని ఎవరు చెప్పినా వినేవారుండరు. మూల్యాంకనానికి ఎప్పుడు పూనుకున్నా ఇంకా వేళ కాలేదనే అంటారని, అకస్మాత్తుగా ఒకనాడు వేళ మించిపోయిందని తేలుతుందని బక్స్‌టన్ చమత్కరించాడు. ఈ రంగంలో ఆ మాట ఆయన పేరిట ఒక సూత్రంగానే ప్రసిద్ధికెక్కింది. నవ్వు పుట్టించే ఆ మాట వెనుక జీర్ణకోశం గడ్డకట్టించిన యంత్రాల వంటి కథలు ఎన్నో ఉన్నాయి.

రెండవ చిక్కు పోలిక. మందును పరీక్షించేటప్పుడు చీటీ తీసి సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా చూడవచ్చు. కాని మార్పిడి లేకపోతే కొద్ది నెలలలో మరణించే మనిషితో, చీటీ నీకు రాలేదు, ఇంటికి వెళ్లు అని చెప్పగల వైద్యుడెవరు? కనుక వేరొక పోలిక వెదకాలి. చికిత్సకు అర్హుడని నిర్ణయమైన తరువాత దాత గుండె దొరకక నిరీక్షణలో ఉన్నవారి గతి ఏమైందో చూడవచ్చు. స్టాన్‌ఫర్డ్‌వారు మొదట్లో ఆ పనే చేశారు. అయితే ఇందులో ఒక మోసం దాగి ఉన్నదని 1972లో మిచెల్ గేల్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. కొత్త గుండె పొందినవాడు దానికోసం ఎదురుచూసిన రోజులన్నీ బ్రతికి ఉన్నాడు గనుకనే పొందాడు. ఆలోగా మరణించినవాడు నిరీక్షణ జట్టు లెక్కలో పడతాడు. అంటే గట్టి ప్రాణం ఉన్నవాళ్లందరూ ఒక పక్కకు చేరుతున్నారు. ఆ గట్టిదనపు పుణ్యం శస్త్రచికిత్స ఖాతాలో జమ అవుతున్నది. పట్టాలు తప్పిన పోలిక మీద ఎంత గొప్ప గణితం ప్రయోగించినా తప్పు మరింత అందంగా కనిపిస్తుందే తప్ప ఒప్పు కాదు.

మూడవది, బ్రతికిన రోజులు సరే, ఎలా బ్రతికారన్నది. ఈ విషయంలో బ్రూనెల్ బృందం చేసిన పని నేటికీ ఆదర్శప్రాయంగా ఉంది. వారు వైద్యుల అభిప్రాయంతో తృప్తిపడలేదు; రోగులనే అడిగారు. అందుకోసం నాటింగ్‌హామ్‌లో తయారైన ఒక ప్రశ్నపత్రాన్ని వాడారు. అందులో 38 వాక్యాలు ఉంటాయి. ఎప్పుడూ అలసటగా ఉంటుందా, మెట్లు ఎక్కడం కష్టమా, రాత్రులు నిద్ర పడుతుందా, తన భారం ఇతరుల మీద పడుతున్నదని అనిపిస్తున్నదా వంటి విషయాలకు అవును, కాదు అని గుర్తు పెడితే చాలు. శక్తి, నొప్పి, మనోభావాలు, నిద్ర, ఒంటరితనం, కదలిక అనే ఆరు విధాలుగా జవాబులను విభజిస్తారు. మార్పిడికి ముందు, తరువాత కొద్ది నెలలకొకసారి అదే పత్రం. ముందు దాదాపు ప్రతి విషయంలోనూ దుర్భరంగా ఉన్న స్థితి, తరువాత సాధారణ ప్రజల స్థాయికి దగ్గరగా వచ్చింది. సర్జన్ కత్తి సాధించినదేమిటో మొదటిసారిగా రోగి నోటి మాటగా లెక్కకు ఎక్కింది.

1985లో వారి నివేదిక అచ్చయింది. అదే సంవత్సరం యార్క్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఆలన్ విలియమ్స్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరొక వ్యాసం ప్రకటించాడు. ఆయన ప్రధానంగా తూచినది గుండె బైపాస్ శస్త్రచికిత్సను. కాని పక్కనే మరికొన్ని చికిత్సలను కూడా పెట్టి చూపాడు. ఒక చికిత్స వల్ల కలిసివచ్చే ఆయుష్షును ఆ ఆయుష్షు నాణ్యతతో హెచ్చవేసి, అలా వచ్చిన ఒక్కొక్క నిండు సంవత్సరానికి ఎంత ఖర్చవుతున్నదో లెక్క కట్టాడు. గుండెకు పేస్‌మేకర్ అమర్చడం వల్ల దక్కే నిండు సంవత్సరానికి 700 పౌన్లు. తుంటి కీలు మార్చడానికి 750. తీవ్రమైన గుండెనొప్పితో ప్రధాన రక్తనాళం మూసుకుపోయినవారికి బైపాస్ చేస్తే 1,040. మూత్రపిండం మార్పిడికి 3,000. గుండె మార్పిడికి 5,000. ఆసుపత్రిలో జరిపే డయాలిసిస్‌కు 14,000.

ఆ పట్టిక చూసి కొందరు ఆగ్రహించారు. ప్రాణానికి ధర కడతారా అన్నారు. ఆ ఆగ్రహం అర్థం చేసుకోదగినదే గాని, ధర కట్టకపోవడం అనే మార్గం లోకంలో ఎన్నడూ లేదు. ఆ రోజుల్లోనే బ్రిటన్‌లో వయసు మళ్లిన మూత్రపిండ రోగులను అనేక డయాలిసిస్ కేంద్రాలు చడీచప్పుడు లేకుండా తిప్పి పంపుతూ ఉండేవి. అక్కడా తూకం జరిగింది. తూచినవాడు కనబడలేదు, అంతే. విలియమ్స్ చేసిన మేలు ఆ త్రాసును నడివీధిలోకి తెచ్చి పెట్టడం.

అయితే ఆయన త్రాసులోని రాళ్లను పరిశీలిస్తే వేరొక సంగతి బయటపడుతుంది. ఏ స్థితిలో జీవించడం ఎంత నాణ్యమైనదన్న విలువలు 1978లో రేచెల్ రోసర్, పాల్ కైండ్ అనేవారు కేవలం 70 మందిని ప్రశ్నించి తయారుచేసినవి. ఆ 70 మందిలో వైద్యులు, నర్సులు, రోగులు, ఆరోగ్యవంతులు ఉన్నారు. బైపాస్ చేయించుకున్నవారి స్థితిగతులు ముగ్గురు హృద్రోగ నిపుణుల అంచనా. పునాది ఇంత సన్ననిదని విలియమ్స్ ఎక్కడా దాచలేదు. పైపెచ్చు, మరింత మంచి సమాచారం కోసం ఎక్కడ పరిశోధన జరగాలో చూపించడమే తన ఉద్దేశమన్నట్లు వ్రాశాడు. పట్టికలు తలకెక్కించుకున్నవారు మాత్రం అంకెలను గుర్తుంచుకుని, వాటి కింద ఉన్న 70 మందిని మరచారు.

1990 దశకం వచ్చేసరికి ఈ విద్యకు రాజాశ్రయం లభించింది. బ్రిటన్ ప్రభుత్వం 1993లో దీనికై ఒక జాతీయ కార్యక్రమాన్ని, 1999లో ఏ చికిత్సకు ప్రజాధనం వెచ్చించాలో సూచించే నైస్ అనే సంస్థను స్థాపించింది. యార్క్, షెఫీల్డ్, సౌతాంప్టన్, లివర్‌పూల్, ఎక్సెటర్ మొదలైన విశ్వవిద్యాలయాల బృందాలు ఆ సంస్థకు నివేదికలు సమకూర్చసాగాయి. పని పెరిగింది. పనితోపాటు ఒక ప్రమాదమూ పెరిగింది. అడిగినవాడి ప్రశ్నకు, అడిగిన గడువులో, జవాబు వ్రాసి ఇవ్వడమే జీవితమైపోతే విశ్వవిద్యాలయానికీ గుమాస్తా కార్యాలయానికీ తేడా ఏమున్నది? మందుల కంపెనీ తన కొత్త మందు గురించి అడుగుతుంది. ప్రభుత్వం తాను కొనబోయే యంత్రం గురించి అడుగుతుంది. ముప్పయి ఏళ్లుగా వాడుకలో ఉండి, ఎవరికీ ఉపయోగం లేకుండా డబ్బు తింటున్న పాత చికిత్సను గురించి అడిగేవాడు ఎవడూ ఉండడు. దానిని నిలిపివేస్తే లాభపడేవాడు ఫలానా అని చెప్పలేము. నష్టపడేవాడు మాత్రం స్పష్టంగా కనిపిస్తాడు. కనుక మంచి బృందం తన కాలంలో కొంత భాగాన్ని ఎవరూ అడగని ప్రశ్నలకు కేటాయించుకోవాలి. అమ్మకందారు తెచ్చిపెట్టిన త్రాసు మీద ఆధారపడకుండా జాగ్రత్తపడాలి. ఈ రెండూ చెప్పడం తేలిక, జీతాలకు నిధులు వెదుక్కునే శాఖాధిపతికి ఆచరించడం చాలా కష్టం.

కొత్త ప్రయోగం తలపెట్టే ముందు పాతవన్నీ ఒకచోట చేర్చి చదవాలన్న నియమం కూడా అటువంటిదే. వినడానికి పిల్లలకు చెప్పే పాఠంలా ఉంటుంది. ఇది పాటించకపోవడం వల్ల జరిగిన నష్టానికి ఒక్క ఉదాహరణ చాలు. 1972లో న్యూజిలాండ్‌కు చెందిన గ్రాహమ్ లిగిన్స్, రాస్ హౌయీ అనే వైద్యులు ఒక విషయం కనుగొన్నారు. నెలలు నిండకముందే కాన్పు వచ్చేటట్లున్న తల్లికి చౌకగా దొరికే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే, పుట్టే శిశువు ఊపిరితిత్తులు త్వరగా పక్వమై, ఆ శిశువు బ్రతికే అవకాశం పెరుగుతుంది. తరువాతి ఏళ్లలో వేర్వేరు చోట్ల మరికొన్ని ప్రయోగాలు జరిగాయి. ఒక్కొక్కటీ చిన్నది కావడంతో, ఒకదానిలో మేలు స్పష్టంగా కనిపించింది, మరొకదానిలో సందేహంగా మిగిలింది. ప్రసూతి వైద్యులలో చాలామంది ఆ ఇంజెక్షన్ ఇవ్వలేదు. వాటినన్నిటినీ కూడబెట్టి ఒకే లెక్కగా చూసేసరికి దాదాపు రెండు దశాబ్దాలు గడిచాయి. ఆ పని చేసినవారిలో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రసవకాల రోగవిజ్ఞాన విభాగాన్ని నడిపిన డాక్టర్ ఇయాన్ చామర్స్ ఒకరు. కలిపి చూస్తే సందేహానికి తావే లేదు. తరువాత ఆయన చొరవతో ఏర్పడిన కాక్రేన్ సంస్థ చిహ్నంలో కనిపించే అడ్డగీతలు ఆ ప్రయోగాల ఫలితాలే. ఒక్కొక్క గీత ఒక్కొక్క ప్రయోగం. ఆ మధ్యకాలంలో ఇంజెక్షన్ అందక ఎందరు పసికందులు ఊపిరాడక మరణించి ఉంటారో! కొత్త యంత్రం కాదు, కొత్త మందు కాదు; గ్రంథాలయంలో కూర్చుని చదవడం అనే పని జరగక జరిగిన నష్టం అది.

మన దేశం ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చింది. 2017లో కేంద్ర ఆరోగ్య పరిశోధనా విభాగం కింద ఇటువంటి మూల్యాంకనాల కోసం ఒక వ్యవస్థ ఏర్పాటైంది. అది విద్యాసంస్థలకు, పరిశోధనాలయాలకు అధ్యయనాలు అప్పగిస్తుంది. తొలినాళ్లలో ఎన్నుకున్న అంశాలలో ఒకటి ఎంతో ముచ్చటగొలుపుతుంది. అది గుండె కాదు, క్యాన్సర్ యంత్రం కాదు. సిరంజి!

సామాన్యమైన సిరంజిని మళ్లీ మళ్లీ వాడితే కామెర్ల వ్యాధి క్రిములు, ఎయిడ్స్ క్రిములు ఒకరి నుంచి మరొకరికి పాకుతాయి. ఒకసారి వాడగానే దానంతటదే పనికిరాకుండా పోయే సిరంజి వేరే ఉంది. వాడిన తరువాత సూదిని కప్పివేసి, నర్సు చేతికి గుచ్చుకోకుండా కాపాడే సిరంజి మరొకటి ఉంది. రెండూ మామూలు దానికంటె ఖరీదు. చండీగఢ్‌లోని వైద్య విద్యా పరిశోధనా సంస్థకు చెందిన పరిశోధకులు ఈ మూడింటినీ పోల్చి తూచారు. మళ్లీ వాడడానికి వీలులేని సిరంజి దాని ఖరీదుకు తగిన మేలు చేస్తుందని తేలింది. సూదిని కప్పే సిరంజి మంచిదే గాని, ఆనాటి ధరలకు మన దేశపు ఖజానా భరించదగినంత ఫలం ఇవ్వదని తేలింది. ఆనాటి ధరలకు అన్న మాటను గమనించాలి. ధర తగ్గితే తీర్పు మారుతుంది. ఇటువంటి నివేదిక చేతిలో ఉన్న ప్రభుత్వం, అంగట్లో చెప్పిన ధరకు తల ఊపే కొనుగోలుదారుగా ఉండనక్కరలేదు.

దేశంలో కోట్లాది మందికి వేసే ఇంజెక్షన్ల దృష్ట్యా చూస్తే, ఒక్క గుండె మార్పిడి యంత్రాంగం కంటె కొద్ది రూపాయల సిరంజి గురించిన ప్రశ్నే పెద్దది. పరికరం ఎంత గొప్పదన్నది కాక, అది ఎందరిని తాకుతుందన్నది చూసి అంశాన్ని ఎన్నుకోవడం ఇక్కడ కనిపిస్తుంది. పాశ్చాత్య దేశాల పట్టికలను తెచ్చి పౌన్లను రూపాయలుగా మార్చుకుంటే ఈ అంశం తట్టేది కాదు.

అన్ని అంశాలూ ఇంత సులువుగా త్రాసుకు ఎక్కవు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్నే తీసుకుందాము. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కళకళలాడే ఆ పల్లెలలో దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి మనుష్యులను కబళిస్తున్నది. మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలు లేని రోగులు కూడా అక్కడ ఎక్కువ. నీరా, నేలా, ఎండా, మందులా అన్నది శాస్త్రజ్ఞులు ఇంకా పూర్తిగా తేల్చలేదు. ప్రభుత్వాలు డయాలిసిస్ కేంద్రాలు తెరిచాయి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ పల్లెలకు దూరం నుంచి శుద్ధజలం తెచ్చే పథకమూ అమలైంది.

ఒక విశ్వవిద్యాలయ బృందం ఈ ప్రాంతం కోసం మూల్యాంకనం చేయబూనుకున్నదని అనుకుందాము. ఏ యంత్రం మేలైనది అన్న ప్రశ్నతో మొదలుపెడితే పని త్వరగా పూర్తవుతుంది. యంత్రం ధర, గొట్టాల ధర, సాంకేతిక నిపుణుడి జీతం, కరెంటు, అన్నీ రశీదులతో సహా దొరుకుతాయి. కాని డయాలిసిస్ రోగి వారానికి రెండు మూడు సార్లు ఊరు దాటి రావాలి. ఒక్కొక్కసారి యంత్రం పక్కన నాలుగు గంటలు పడుకోవాలి. తోడు ఒక మనిషి రావాలి. తోట పనికి, చేపల వేటకు వెళ్లవలసిన ఇద్దరి కూలి ఆనాటికి పోయినట్లే. చికిత్స ఉచితమన్నది నిజమే. ఆటో ఛార్జీ ఉచితం కాదు. ఆసుపత్రి పద్దులో లేని ఈ ఖర్చులకు రశీదులు ఉండవు. ఇంటింటికీ వెళ్లి అడిగి వ్రాసుకోవాలి. ఆ అడిగే పనికి ఆరు నెలలు పడుతుంది, నివేదిక గడువు మూడు నెలలే ఉంటుంది.

ఇక రెండవ ప్రశ్న. రక్తపరీక్షతో వ్యాధిని తొలి దశలోనే పట్టుకుని, యంత్రం అవసరాన్ని అయిదేళ్లు, పదేళ్లు వాయిదా వేయడం సాధ్యమా? సాధ్యమైతే దానికయ్యే ఖర్చెంత? ఇది యంత్రాల పోలిక కంటె విలువైన ప్రశ్న, కాని దీనికి సమాచారం సిద్ధంగా లేదు; సేకరించడానికి ఏళ్లు పడుతుంది. నీటి పథకం మేలు తేలడానికి అంతకంటె ఎక్కువ కాలం పట్టవచ్చు. అందుకే ఈ పనిలో అనుభవం ఉన్నవారు మొదటి సంవత్సరంలోనే రెండు పనులు సమాంతరంగా మొదలుపెడతారు. గడువులోగా ఇవ్వవలసిన యంత్రాల నివేదికను ఉన్న సమాచారంతో వ్రాస్తూ, దానిలో తెలియని అంకెలు ఏవేవో, వాటిలో ఏది తెలిస్తే తీర్పు తారుమారు కాగలదో గుర్తిస్తారు. ఆ ఒక్క అంకె కోసం పల్లెల్లోకి మనుష్యులను పంపుతారు. బ్రూనెల్ బృందం నిరీక్షణలో ఉన్న రోగుల చేతికి 38 వాక్యాల ప్రశ్నపత్రం ఇచ్చింది. ఉద్దానంలో ఆ ప్రశ్నపత్రాన్ని తెలుగులో, అక్కడి మాటల్లో, చదువు రానివారికి చదివి వినిపించేటట్లుగా మొదటి నుంచీ తయారుచేసుకోవలసి ఉంటుంది. మెట్లు ఎక్కగలరా అని అడిగితే మెట్లు లేని ఇళ్లవారు ఏమి చెబుతారు? కొబ్బరి బుట్ట ఎత్తగలరా అని అడగాలి.